విమర్శకుని చెవి: ‘బ్లాక్ సబాత్’ తొలి రికార్డు ఉదంతం

వైద్యుడు పొరబడితే రోగి ప్రాణం పోతుంది. ఇంజనీరు పొరబడితే వంతెన కూలుతుంది. విమర్శకుడు పొరబడితే ఎవరికి నష్టం? ఎవరికీ లేదని మనం ఒక ధీమాతో ఉన్నాం. కాలమే నిజం తేలుస్తుందనీ, మంచి కృతిని ఎన్నాళ్ళు తొక్కిపెట్టినా అది పైకి వచ్చి తీరుతుందనీ అనుకుంటాం. ఈ ధీమా విమర్శకులకు చాలా సౌకర్యంగా ఉంది. చేసిన తప్పుకు జవాబు చెప్పుకోనక్కరలేని వృత్తి, జ్యోతిషం మినహాయిస్తే, మరొకటి ఉన్నట్లు నాకు తెలియదు.

ఈ సౌకర్యాన్ని కొంచెం కదిలించి చూద్దామని ఒక ఉదాహరణ తీసుకుంటున్నాను. అది మన సాహిత్యంలోది కాదు. మన సాహిత్యంలోంచి తీసుకుంటే అసలు ప్రశ్న మరుగున పడి పాత పగలు పైకి లేస్తాయి. ఇది ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్ నగరంలో, ఆస్టన్ అనే కార్మికుల పేట నుంచి వచ్చిన నలుగురు కుర్రవాళ్ళు 1970 ఫిబ్రవరి 13న విడుదల చేసిన రాక్ సంగీతపు రికార్డు. బృందం పేరు బ్లాక్ సబాత్. రికార్డు పేరూ అదే, అందులో మొదటి పాట పేరూ అదే.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి దీనితో పనేమిటని పాఠకులు అడగవచ్చు. నన్ను దీని దగ్గరికి చేర్చింది నా అజ్ఞానమే. ఆమధ్య డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులను ‘శ్రమ, కళ’ అన్న విషయం మీద వ్యాసం రాయమన్నాను. దాదాపు అందరూ నాట్ల పాటల గురించీ, దంపుళ్ళ పాటల గురించీ రాశారు. ఒక్క కుర్రవాడు మాత్రం ఈ బృందం గురించి రాశాడు. నేను నాలుగు పంక్తులు చదివి, ‘పాశ్చాత్య బూర్జువా సంస్కృతి విసిరిన చెత్త మనకెందుకు?’ అని ఎర్ర సిరాతో రాసి, పదికి మూడు మార్కులు వేసి ఇచ్చేశాను. అతను కాగితం తీసుకుని, మర్యాదగానే, “మీరు విన్నారా సార్?” అని అడిగాడు.

వినలేదు. వినకుండానే తీర్పు చెప్పాను. అతని తండ్రి లేతు మిషను మీద పనిచేస్తాడని ఆ తరువాత తెలిసి, ‘ఓహో, ఇదీ సంగతి!’ అనుకుని, అందుకేనా ఆ పాటలు నచ్చాయని అడిగాను. “కాదు సార్, హాస్టల్లో సీనియర్ వినిపించాడు” అన్నాడు. సిద్ధాంతాన్ని చేతిలో పెట్టుకుని మనుషుల దగ్గరికి వెళితే అప్పుడప్పుడు ఇట్లా అవుతుంది.

సరే, విన్నాను. చదవగలిగినంత చదివాను.

ఈ నలుగురూ 1948, 1949 సంవత్సరాలలో పుట్టినవాళ్ళు. యుద్ధంలో బాంబులు పడ్డ పేటలో పెరిగారు. చుట్టూ లోహపు పనీ, కార్ల పరిశ్రమా. పాడే ఓజీ ఆస్బోర్న్ పశువుల కబేళాలో పనిచేశాడు. కార్ల హారన్లు శ్రుతి చేసే పనీ చేశాడు. దొంగతనం చేసి కొన్ని వారాలు జైల్లో కూడా ఉన్నాడు. పాటలలో చాలా వాటికి మాటలు రాసి, బేస్ గిటార్ వాయించిన గీజర్ బట్లర్ లెక్కలు రాసే గుమాస్తా. డ్రమ్స్ బిల్ వార్డ్. గిటార్ వాయించే టోనీ అయోమీ రేకుల పని జరిగే ఒక కర్మాగారంలో వెల్డింగు చేసేవాడు.

అయోమీకి పదిహేడో ఏట ఒక ప్రమాదం జరిగింది. సంగీతమే వృత్తిగా పెట్టుకోవాలని పని మానేస్తున్నాడు. ఆ రోజే ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చినవాడు మళ్ళీ వెళ్ళనన్నాడట; మొదలుపెట్టిన రోజు పూర్తి చేసి రమ్మని తల్లి పంపింది. రేకులను నొక్కే యంత్రం మీద పనిచేసే మనిషి ఆ రోజు రాలేదు. అలవాటు లేని కుర్రవాణ్ణి దాని ముందు నిలబెట్టారు. యంత్రం చేతి మీదకి దిగింది. చెయ్యి లాగేసరికి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం, కాబట్టి గిటారు తీగలను నొక్కవలసినవి ఆ వేళ్ళే. ఫోర్‌మన్ ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్ వాయించినది. 1928లో అగ్నిప్రమాదంలో రెండు వేళ్ళు పనికిరాకుండా పోయినా, మిగిలిన వేళ్ళతోనే యూరప్ మెచ్చేటట్టు వాయించిన గిటార్ విద్వాంసుడు అతను. అయోమీ ఒక ప్లాస్టిక్ సీసాను కరిగించి వేలి కొసలకు తొడుగులు చేసుకున్నాడు. వాటికి తోలు అతికించాడు. గట్టి తీగలు నొక్కలేక పలచని తీగలు వేసుకున్నాడు. 1971లో వచ్చిన మూడవ రికార్డులో తీగల బిగువును బాగా తగ్గించాడు. దానితో నాదం మరింత బరువెక్కింది.

ఇంత కథ ఎందుకు చెప్పానంటే, యంత్రం ఈ సంగీతంలోకి ఏ దారిన వచ్చిందో ఇక్కడ మనకు కనబడుతుంది. బర్మింగ్‌హామ్ సమ్మెటల చప్పుడే వీళ్ళ డ్రమ్స్‌లో వినిపిస్తుందని చాలామంది రాస్తారు. మా విద్యార్థి కూడా అదే రాశాడు. వినడానికి బాగానే ఉంటుంది కాని, ఇట్లాంటి వివరణలను నేను నమ్మను. సమ్మెట చప్పుడు ఆస్టన్‌లో వేలమంది విన్నారు. అందరూ డ్రమ్స్ వాయించలేదు. జీవితం కళలోకి అద్దంలో బొమ్మలాగా దిగదు. వేలి నొప్పిగా, పలచని తీగగా, ఆ తీగ మీద సాధ్యమయ్యే వాయింపుగా, పనిముట్లను మార్చుకుంటూ వస్తుంది. అదైనా మొత్తం కథ కాదు. తొలి రికార్డు నాటికి తీగల శ్రుతి ఇంకా మామూలుగానే ఉంది. అయినా బరువు అప్పటికే ఉంది.

1969 అక్టోబరు 16న, లండన్‌లోని రీజెంట్ సౌండ్ స్టూడియోలో, ఒక్కరోజులో ఈ రికార్డు పాడి వాయించారు. సభల్లో ఎట్లా వాయిస్తారో అట్లాగే వాయించి ఇంటికి వెళ్ళారు. వర్షం, ఉరుము, చర్చి గంట వీళ్ళు వెళ్ళిన తరువాత చేర్చినవి. కవరు లోపల తలకిందులుగా ఉన్న శిలువ బొమ్మ కంపెనీవారు వేయించినది. దాని సంగతి వీళ్ళకు ముందు తెలియదు. విడుదల చేసిన రోజు పదమూడో తేదీ, శుక్రవారం. అక్కడివాళ్ళకు అది అశుభం. దయ్యాన్ని సరుకుగా మార్చే విద్య కంపెనీకి బాగా తెలుసు.

ఇంగ్లండులో ఈ రికార్డు అమ్మకాల పట్టికలో 8వ స్థానానికి వెళ్ళింది. అమెరికాలో 23 దాకా వెళ్ళి, ఏడాదికి పైగా పట్టికలో నిలిచింది. విమర్శకులు మాత్రం దాదాపు ఏకకంఠంతో ఛీ అన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1967లో పుట్టిన ‘రోలింగ్ స్టోన్’ ఆనాటి యువతరానికి ప్రామాణిక పత్రిక. అందులో 1970 సెప్టెంబరులో లెస్టర్ బాంగ్స్ దీన్ని ‘క్రీమ్’ అనే బృందానికి నాసిరకం నకలుగా తేల్చాడు. క్షుద్రవిద్యల ఆర్భాటం తప్ప లోపల సరుకు లేదన్నాడు. ‘విలేజ్ వాయిస్’లో రాబర్ట్ క్రిస్ట్‌గా ఇంకా కటువుగా, యువతరం తిరుగుబాటులోని చెడు లక్షణాలన్నిటికీ ఇది నమూనా అన్నట్లు రాశాడు.

బాంగ్స్ మాటలో నిజం లేదా? ఉంది. ఇంగ్లండు ముద్రణలో రెండవ వైపు తిప్పి వింటే తెలుస్తుంది. అక్కడున్న మూడు పాటలలో రెండు ఇతర బృందాలవి. వాటిలో ఒకటి పది నిమిషాలకు పైగా సాగుతుంది. అందులోని గిటార్ విన్యాసంలో చాలా భాగం ఆ రోజుల్లో ఎవరైనా వాయించగలిగిందే. క్రీమ్ వాయించి వదిలేసిందే. నాకు విసుగు పుట్టింది. కాబట్టి విమర్శకుడికి చెవి లేదని అనలేం. చెవి ఉంది. తనకు తెలిసినదాన్ని ఆ చెవి సరిగానే గుర్తుపట్టింది. చిక్కు అక్కడే వచ్చింది.

ఇక్కడ మనవాళ్ళు ఒక సులభమైన సమాధానం చెబుతారు: విమర్శకుడిది మధ్యతరగతి, శ్రోతలది కార్మికవర్గం, కాబట్టి వర్గద్వేషం, అని. ఉదంతం దీనికి ఒప్పుకోదు. బాంగ్స్ సంపన్నుడేమీ కాదు. కాలిఫోర్నియాలో చెప్పుల దుకాణంలో పనిచేస్తూ విమర్శలు రాసినవాడు. అతను పుట్టింది 1948 డిసెంబరు 14న. ఆస్బోర్న్ అంతకు పదకొండు రోజుల ముందు పుట్టాడు. పైగా మోటు సంగీతమంటే అతనికి అసహ్యం లేదు. ‘స్టూజెస్’ అనే పరమ మోటు బృందాన్ని ఆ ఏడాదే పేజీల కొద్దీ సమర్థించాడు. వయసూ, జేబూ, అభిరుచీ అన్నీ ఈ రికార్డును అందుకోవడానికి అనువుగా ఉన్నవాడు అందుకోలేకపోయాడు. ఎందుకని?

మన ఆలంకారికులు రసాస్వాదనకు అర్హుణ్ణి సహృదయుడన్నారు. కావ్యాన్ని నిరంతరం అనుశీలించి మనస్సును అద్దంలాగా స్వచ్ఛం చేసుకున్నవాడు సహృదయుడని అభినవగుప్తుని నిర్వచనం. చక్కని నిర్వచనమే. కాని పూర్వం అనుశీలించడానికి ఏమీ లేని, నిజంగా కొత్తదైన కృతి వచ్చినప్పుడు సహృదయుడెవరు? పాతవాటితో తుడిచి మెరుగుపెట్టిన అద్దంలో పాతవే స్పష్టంగా కనబడతాయి. స్కాట్లండుకు చెందిన డేవిడ్ హ్యూమ్ 1757లో ఇదే ప్రశ్న ఎత్తి, మంచి విమర్శకుడికి ఉండవలసిన లక్షణాలలో ‘పోల్చి చూడటం’ ఒకటన్నాడు. బాంగ్స్ పోల్చే చూశాడు. క్రీమ్‌తో పోల్చగానే క్రీమ్ కొలబద్ద అయింది. ఆ కొలబద్దతో కొలిస్తే ఈ కుర్రవాళ్ళు పొట్టివాళ్ళే. వేళ్ళ చురుకుదనాన్ని కొలిచే గజం బరువును తూచలేదు గదా.

మొదటి పాటనే చూడండి. అందులో ప్రధానమైన స్వరాలు మూడు. మన భాషలో చెప్పాలంటే, షడ్జమం, దానికి పైనున్న తారషడ్జమం, అక్కడినుంచి కిందికి దిగి ప్రతిమధ్యమం. చాలా నెమ్మదిగా, పెద్ద చప్పుడుతో, ఈ మూడే మళ్ళీ మళ్ళీ. షడ్జమానికీ ప్రతిమధ్యమానికీ మధ్యనున్న ఈ అంతరాన్ని యూరప్ సంగీతశాస్త్రంలో 18వ శతాబ్దినుంచీ ‘సంగీతంలోని సైతాను’ అంటున్నారు. వాళ్ళ చెవికి అది అపస్వరం, అమంగళం. మన డెబ్భై రెండు మేళకర్తలలో సగం, ముప్పై ఏడు మొదలు చివరిదాకా, ప్రతిమధ్యమం మీదనే నిలబడ్డాయి. శంకరాభరణంలో ఈ ఒక్క స్వరం మార్చితే కల్యాణి అవుతుంది. కల్యాణి విని భయపడ్డవాణ్ణి నేనింతవరకు చూడలేదు. నిజమే, ఆ స్వరాన్ని మనం వాడే తీరు వేరు. అయినా ఒక్క సంగతి స్పష్టం: సైతాను స్వరంలో లేడు, ఏళ్ళ తరబడి చెవికి ఇచ్చిన శిక్షణలో ఉన్నాడు. అట్లాగే ఈ సంగీతం మోటుదనం కూడా కొంతవరకు స్వరంలో లేదు. మోటు అని విన్న చెవిలో ఉంది.

ఆ రోజుల్లో రాక్ విమర్శకులకు ఒక ఆశ ఉండేది. ‘బీటిల్స్’ 1967లో తెచ్చిన రికార్డు తరువాత, ఈ సంగీతం ఏడాదికేడాది సున్నితమవుతుందనీ, ప్రేమా శాంతీ నిండిన కొత్త లోకానికి అదే బాట వేస్తుందనీ ఆశించారు. ఆశ తప్పని నేననను. కాని ఆ ఆశకు కాలిఫోర్నియా ఎండ కావాలి. ఆస్టన్‌లో శనివారం రాత్రి విన్న వాడికి సోమవారం పొద్దున మళ్ళీ యంత్రం ముందు నిలబడాలి. లోకం బాగుపడుతోందని పాడితే అతను నమ్మడు. లోకం భయంగా ఉందని పాడితే నమ్ముతాడు. బాంగ్స్ విన్న అమెరికా ముద్రణలో, ఇంగ్లండు ముద్రణలో లేని పాట ఒకటి ఉంది. పేరు ‘వికెడ్ వరల్డ్’. మనిషిని చంద్రుడి మీదికి పంపగలిగిన లోకం కింద ఉన్నవాళ్ళు రోగాలతో చస్తుంటే చూస్తూ ఊరుకుందన్నది అందులో ఒక మాట. చంద్రుడి మీద కాలు పెట్టి మూడు నెలలైనా కాలేదు, ఈ కుర్రవాళ్ళు ఆ మాట పాడేసరికి. దయ్యాల సరుకు తప్ప లోపల ఏమీ లేదన్న విమర్శకుడి చేతిలోనే ఆ పాట ఉంది.

బాంగ్స్‌లో నాకు నచ్చిన గుణం, అతను మాట మార్చుకోగలిగినవాడు. 1972లో, మిచిగన్ రాష్ట్రం నుంచి వెలువడే మరొక పత్రికలో (దాని పేరు కూడా ‘క్రీమ్’ అనే పలుకుతారు, ఇదొక తమాషా), ఇదే బృందం మీద రెండు సంచికల్లో సుదీర్ఘ వ్యాసం రాశాడు. ఈసారి వాళ్ళను నీతివాదులన్నాడు. చుట్టూ ఉన్న చెడును చూసి బెదిరి హెచ్చరిస్తున్నారే గాని దాన్ని కొలవడం లేదని గ్రహించాడు. అప్పటికతను కాలిఫోర్నియా వదిలి, కార్ల పరిశ్రమకు పేరుపడ్డ డెట్రాయిట్ ప్రాంతానికి వచ్చి ఉన్నాడు. చోటు మారితే చెవి మారిందా? అంత బరువు పెట్టదగిన ఆధారం కాదది. రెండవసారి విన్నాడు, అంతవరకు నిశ్చయంగా చెప్పవచ్చు.

అయితే జనం మెచ్చారు కాబట్టి కృతి గొప్పదనే వాదానికి నేను రావడం లేదు. పట్టికలో 8వ స్థానం విలువకు రుజువైతే, మన విమర్శకులందరూ సినిమా పంపిణీదార్ల దగ్గర గుమాస్తాలుగా చేరవచ్చు. అడార్నో 1938లో, మార్కెట్ సంగీతం శ్రోత చెవిని పసివాడి చెవి స్థాయికి దిగజారుస్తుందన్నాడు. ఆ హెచ్చరికను తోసివేయడానికి వీల్లేదు. తలకిందుల శిలువ గీయించిన కంపెనీయే దానికి సాక్ష్యం. కాని అడార్నో శ్రోతను గురించి చాలా చెప్పాడు గాని, శ్రోతను పెద్దగా అడిగినట్టు లేదు. 1970 నాటి విమర్శకులు చేసిన తప్పూ ఇదే. రికార్డు నచ్చకపోవడం తప్పు కాదు. రికార్డుకు తీర్పు చెబుతున్నామంటూ దాన్ని కొన్నవాళ్ళకు తీర్పు చెప్పారు. ఎవరు వింటున్నారు, దీనిలో వాళ్ళకేం దొరుకుతోంది అని అడగకుండానే, దొరికేదేమీ లేదని తేల్చారు. ఇది అభిరుచికి సంబంధించిన పొరపాటు కాదు, మనుషుల పట్ల జరిగిన అన్యాయం. నష్టం ఎవరికన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఆ నలుగురికి నష్టమేమీ లేదు, డబ్బు వచ్చింది. తనకు ఆనందం ఇచ్చినదాన్ని చూసి సిగ్గుపడవలసి వచ్చిన కుర్రవాడికి నష్టం. ఎర్ర సిరా కాగితం పుచ్చుకున్నవాడి ముఖంలో నేను చూసింది అదే.

ఇక కాలం తేలుస్తుందన్న ధీమా సంగతి. కాలం పైకి తెచ్చినవే మనకు తెలుస్తాయి. తేనివాటి పేర్లు మనదాకా రావు. ఈ బృందాన్ని కాపాడింది కాలం కాదు, కొన్న జనం. కొనే జనం లేనివాళ్ళూ, అంతే కొత్తగా వాయించి, అంతే చులకనకు గురై ఊరుకున్నవాళ్ళూ ఎందరో ఎవరు లెక్కపెట్టారు?

అభ్యుదయ విమర్శకులం మనమైతే ఏం చేసి ఉండేవాళ్ళం? నిజాయితీగా చెప్పుకోవాలి. 1970 సెప్టెంబరులో వీళ్ళ రెండవ రికార్డు వచ్చింది. అందులో మొదటి పాట ‘వార్ పిగ్స్’. యుద్ధం రాజేసి తాము దూరంగా కూర్చుని పేదవాణ్ణి చావుకు పంపే సేనానులనూ, రాజకీయ నాయకులనూ అందులో దుమ్మెత్తిపోశారు. రికార్డుకు కూడా ఆ పేరే పెట్టాలనుకుంటే కంపెనీ ఒప్పుకోక ‘పారనాయిడ్’ అని మార్చింది. కవరు మీద కత్తీ డాలూ పట్టుకున్న బొమ్మ మాత్రం అట్లాగే ఉండిపోయింది. వియత్నాం యుద్ధం జరుగుతున్న రోజులు. మనం ఈ పాటను నెత్తిన పెట్టుకునేవాళ్ళం. తొలి రికార్డును మాత్రం మూఢనమ్మకమనీ, క్షీణ సంస్కృతి అనీ చెత్తబుట్టలో వేసేవాళ్ళం. రెండింటిలోనూ వినేవాళ్ళం కాదు, మాటలు చదివేవాళ్ళం. నిజానికి ‘వార్ పిగ్స్’ మాటలు మోటైనవి, అంత్యప్రాసలు మరీ మోటు. ఆ పాటకు బలం ఇచ్చేది తొలి రికార్డులో దయ్యం పేరుతో వాళ్ళు సాధించిన ఆ భయమే. మొదటి పాటలో భయం ఒక నల్లని ఆకారం. రెండవ రికార్డుకు ఆ ఆకారానికి సైనిక దుస్తులు వచ్చాయి. ఇతివృత్తం సరైనదా కాదా అని మాత్రమే చూసే విమర్శకుడికి ఈ ప్రయాణం కనబడదు. క్రీమ్ కొలబద్ద బాంగ్స్‌ను మోసం చేసినట్లే, ఇతివృత్తం కొలబద్ద మనల్ని మోసం చేస్తుంది. కథల విషయంలో ఎన్నిసార్లు చేసిందో మన పాత సంచికలు తిరగేస్తే తెలుస్తుంది.

తరువాతి కథ అందరికీ తెలిసిందే. 2006లో ఈ బృందాన్ని అమెరికాలో రాక్ సంగీతపు గౌరవశాలలో చేర్చారు. 2017లో అదే ‘రోలింగ్ స్టోన్’ హెవీ మెటల్ రికార్డుల జాబితా వేసి ‘పారనాయిడ్’కు మొదటి స్థానం ఇచ్చింది. 2023లో బర్మింగ్‌హామ్ రాయల్ బాలే వీళ్ళ సంగీతానికి నృత్యం కట్టింది. 2025 జూలై 5న ఆస్టన్‌లోని విల్లా పార్కు మైదానంలో నలుగురూ కలిసి ఆఖరిసారి వాయించారు. అదే నెల 22న ఆస్బోర్న్ చనిపోయాడు. అన్ని పత్రికలూ స్తుతించాయి. ఆ స్తుతులు కొన్ని చదివాను. చాలావాటిలో 1970 నాటి తిట్లలో ఉన్నంత వినికిడి కూడా లేదు. బాంగ్స్ తిట్టడానికైనా రెండవ వైపు విన్నాడు. స్తుతించినవాళ్ళు కొందరు వేళ్ళ కథ చెప్పి, సమ్మెటల కథ చెప్పి ఊరుకున్నారు. బర్మింగ్‌హామ్‌లో ఆనాటి కర్మాగారాలు చాలావరకు మూతపడ్డాయి. ఇప్పుడు వాటిని తలుచుకోవడం ఎవరికీ ఇబ్బంది కాదు.

మా విద్యార్థి కాగితం వెనక్కి అడిగి తీసుకున్నాను. ఎర్ర సిరా మాట కొట్టివేసి, మార్కులు సరిచేసి, సమ్మెటల వాదం ఎందుకు చెల్లదో రెండు పేజీలు రాశాను. రెండవ వైపు రికార్డు బలహీనమని కూడా రాశాను. వారం తిరిగేసరికి అతను మూడు పేజీల జవాబు తెచ్చాడు. సమ్మెటల మాట ఒప్పుకున్నాడు. రెండవ వైపు సంగతి మాత్రం ఒప్పుకోలేదు. ఆ పది నిమిషాల వాయింపును నేను ఫోన్లో విన్నాననీ, మంచి స్పీకర్ల మీద విని ఆ తరువాత మాట్లాడమనీ రాశాడు. మా కాలేజీ సెమినార్ హాల్లో స్పీకర్లున్నాయి. వచ్చే శనివారం మధ్యాహ్నం తాళం ఇస్తామన్నారు.